ఆజంజాహి సర్కారు చేతిలో మూతబడింది, బోధన్ ప్రైవేటు చేతిలో మూతబడింది. ఇక ఏ వ్యవస్థ మేలంటారు?

వడ్డేపల్లి కట్ట | శనివారం రాత్రి 8:10

వరంగల్‌లో అరవై దాటిన వారిని ఎవరిని కదిలించినా ఆజంజాహి మిల్లు గురించి గంటసేపు చెబుతారు. 1934లో నిజాం కాలంలో మొదలైంది. 1974లో జాతీయ జౌళి సంస్థ కిందికి వెళ్ళింది. 2002 నాటికి తాళం పడింది. నూలు వడికిన నేలలో చాలా భాగం ప్లాట్లయింది. "సర్కారు చేతిలో పెడితే ఇంతే" అనేవారు ముందుగా వేలు చూపేది దీనివైపే.

మరి బోధన్ సంగతేమిటి? నిజాం షుగర్స్ 1937 నాటిది. నష్టాల పేరు చెప్పి 2002లో 51 శాతం వాటా ప్రైవేటు వారికి అప్పజెప్పారు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడింటికీ ఒకేసారి తాళాలు. చెరుకు వేసిన రైతు వరికి మళ్ళాడు. ప్రైవేటు వస్తే అన్నీ చక్కబడతాయనే మిత్రులు ఈ మాట ఎత్తగానే గొంతు సవరించుకుంటారు.

సోషలిజం మంచి సమాజాన్ని ఇస్తుందా, పెట్టుబడిదారీ విధానం ఇస్తుందా అన్న వాదన టీవీలో వింటే చిరాకు. అక్కడ ఒకరు రష్యా అంటారు, ఇంకొకరు అమెరికా అంటారు, మధ్యలో ప్రకటనలు. మన దగ్గర రెండింటి రుచీ చూసినవాళ్ళు ఉన్నారు కదా. బొగ్గుబాయిలు, సాంచెలు (మరమగ్గాలు), పత్తి మార్కెట్, సహకార సంఘాలు చూసినవారు రాయండి. బయటి దేశాల ప్రస్తావన వద్దనడం లేదు, వాటితో మొదలుపెట్టకండి, అంతే.

వైట్‌ఫీల్డ్ వలస | రాత్రి 8:41

మీ ప్రశ్నలోనే చిన్న మోసం ఉంది సార్. మూతబడిన రెండు మిల్లులు పెట్టి లెక్క సరిపోయిందంటున్నారు. పెట్టుబడిదారీ విధానంలో మిల్లు మూతబడటం వింత కాదు, పనికిరానిది పోయి పనికొచ్చేది వస్తుంది. సర్కారు మిల్లు అలా కాదు. ఏళ్ళ తరబడి నష్టంలో నడుస్తుంది, ఆ నష్టం మిల్లు ముఖం చూడని ఆదిలాబాద్ కూలి కూడా పన్ను రూపంలో కడతాడు.

నేను కరీంనగర్ పల్లె నుంచి వచ్చి ఇక్కడి ఆర్‌ఈసీలో (ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ) చదివి బెంగళూరు చేరినవాణ్ణి. 1991 ఆర్థిక సంస్కరణలు లేకపోతే నా బతుకు ఏ గుమాస్తా కుర్చీలోనో తెల్లవారేది. స్కూటరుకు, ఫోనుకు, సిమెంటు బస్తాకు కూడా వరుసలో నిలబడ్డ దేశం మనది. ఆ వరుసలు పోయింది మార్కెట్ వల్లే.

చైనా ఉదాహరణ ఒక్కటి చెప్పి ఆపుతాను. 1978లో అన్హుయి రాష్ట్రంలో షియావోగాంగ్ అనే ఊళ్ళో 18 కుటుంబాలు చాటుగా కాగితం రాసుకున్నాయి: ఎవరి చెక్క వారు దున్నుకుంటాం, కోటా కట్టగా మిగిలింది మాది అని. పట్టుబడితే జైలే. పంట ఒక్కసారిగా పెరిగింది. కమ్యూనిస్టు పార్టీయే చివరికి ఆ పద్ధతిని దేశమంతా ఒప్పుకుంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఖని పాతకాపు | రాత్రి 9:26

తమ్ముడూ, బాగా రాశావు. మా బాపు కథ కూడా విను, ఆ తరువాత రుజువుల సంగతి చూద్దాం.

మా బాపు ఊళ్ళో దొర దగ్గర వెట్టి చేసిన ఇంటివాడు. గోదావరిఖనికి పారిపోయి వచ్చాడు, పారిపోయి అనే చెప్పేవాడు. బాయిలో తట్ట, చెమ్మస్సు (పార) పట్టి టబ్బులు నింపాడు. పొద్దున ల్యాంప్ రూంలో దీపం తీసుకుని, మస్టర్ (హాజరు) పడ్డాక దిగితే పైకి వచ్చేసరికి ఒంటి మీద తెల్లగా కనిపించేవి కళ్ళు, పళ్ళు. పని మంచిదని అనను. గోడ కూలి పోయినవాళ్ళు, ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు మా గల్లీలోనే ఉన్నారు. కానీ నెల తిరిగేసరికి జీతం చేతికి వచ్చేది, దొర ఇంటికి వెళ్ళి నిలబడాల్సిన పని లేదు. క్వార్టర్ ఇచ్చారు, ఆసుపత్రి ఉంది, మేము ముగ్గురం చదువుకున్నాం. తరువాత నేనూ అదే సింగరేణి బొగ్గు కంపెనీలో చేరి మొన్నమొన్న దిగిపోయాను.

సింగరేణి 1945లోనే నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పుడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. మా బాపును వెట్టి నుంచి బయటపడేసింది మార్కెట్టా, సర్కారా అని అడిగితే నేను సంఘం పేరు కూడా చెబుతాను. సమ్మెలు లేకుండా ఇందులో ఏదీ ఊరికే రాలేదు.

గ్రూప్స్ అభ్యర్థి | రాత్రి 9:33

పెద్దలందరికీ నమస్కారం. రాజ్యాంగ పీఠికలోనే 'సామ్యవాద' అని ఉంది కదా, ఇక చర్చ దేనికి? ఇది మెయిన్స్‌లో వస్తే ఎటు రాయాలి?

వడ్డేపల్లి కట్ట | రాత్రి 9:37

ఆ పదం 1976లో 42వ సవరణతో వచ్చింది. 1991లో ఆ పదాన్ని తీయకుండానే లైసెన్సులు తీసేశారు. పరీక్షలో రెండూ రాయి తమ్ముడూ, మార్కులు పోవు.

వైట్‌ఫీల్డ్ వలస | రాత్రి 9:52

ఖని అన్నా, మీ బాపు గారి మాట కాదనను. కానీ అదే సింగరేణి 1990ల్లో ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది. అప్పట్లో లక్ష మందికి పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. కార్మికుల సంఖ్య తగ్గాక, ఓపెన్ కాస్టులు (పైనుంచి తవ్వే గనులు) వచ్చాక లాభం వచ్చింది. అంటే బతికించింది కూడా మార్కెట్ సూత్రమే, బోర్డు మీద పేరు మాత్రం సర్కారుది.

ఖని పాతకాపు | రాత్రి 10:20

సరే, లాభాల సంగతికే వద్దాం, ఇక్కడ నాకు కూడా కోపం ఉంది.

2023-24లో కంపెనీ నికర లాభం 4,701 కోట్లు. కార్మికులకు 33 శాతం వాటా అని ప్రకటించారు. పేపర్లో చూసినవాళ్ళంతా పదిహేను వందల కోట్లు పంచుతున్నారనుకున్నారు. కాదు. విస్తరణకు అని 2,289 కోట్లు ముందే పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో 33 శాతం, అంటే 796 కోట్లు ఇచ్చారు. సంఘాలు దీని మీదే గొడవ పడ్డాయి. అయినా మనిషికి సగటున లక్షా తొంభై వేలు వచ్చింది. ఏ ప్రైవేటు గనిలో ఇస్తారు చెప్పు?

ఇప్పుడు రెండో లెక్క. అదే బొగ్గు మీద మట్టి తీసేవాడు, అదే కంపెనీ రోడ్లు ఊడ్చేవాడు, ఆసుపత్రిలో తుడిచేవాడు కాంట్రాక్టు కార్మికుడు. వాళ్ళు పాతిక వేల మంది దాకా ఉన్నారు. ఆ ఏడు వాళ్ళకు తలకు అయిదు వేలు ఇచ్చారు, అదీ చరిత్రలో మొదటిసారి అని గొప్పగా చెప్పి. ఒకే గని, ఒకే షిఫ్టు. ఒకరికి లక్షా తొంభై వేలు, ఇంకొకరికి అయిదు వేలు.

సర్కారు కంపెనీ అయినంత మాత్రాన సోషలిజం అయిపోదని నేను చెప్పేది ఇందుకే. మా పర్మినెంటు వాళ్ళు కూడా కాంట్రాక్టు వాళ్ళ సమ్మెకు ఎంతమంది వచ్చారో నాకు తెలుసు. ఆ మాట రాస్తే నా పాత మిత్రులు నొచ్చుకుంటారు, నొచ్చుకోనీ.

ఎరువుల కాలనీ | రాత్రి 10:31

రామగుండం ఎరువుల కర్మాగారం ఎవరూ తలవలేదు. 1980లో ఉత్పత్తి మొదలై 1999లో మూతబడింది. 2021లో మళ్ళీ తెరిచారు. యజమాని ఆనాడూ ప్రభుత్వమే, ఈనాడూ ఎక్కువ వాటా ప్రభుత్వ సంస్థలదే. మారింది ముడిసరుకు. అప్పుడు బొగ్గు నుంచి యూరియా తీసేవారు, తరచుగా ఆగిపోయేది. ఇప్పుడు గొట్టంలో గ్యాసు వస్తోంది. ప్రతి మూతకూ సిద్ధాంతం వెతకకండి, కొన్నిసార్లు యంత్రం తప్పు కూడా ఉంటుంది.

సాంచె చప్పుడు | రాత్రి 11:05

సిరిసిల్ల నుంచి రాస్తున్నాను. మా దగ్గర సర్కారు మిల్లు లేదు, పెద్ద కంపెనీ లేదు, ఉన్నదంతా చిన్న చిన్న ప్రైవేటే. వైట్‌ఫీల్డ్ అన్న చెప్పే స్వేచ్ఛా మార్కెట్ ఎలా ఉంటుందో మా గల్లీకి వస్తే కనిపిస్తుంది.

మూడు మెట్లు ఉంటాయి. పైన యజమాని, నూలు అతనిది, అమ్మకం అతనిది. మధ్యలో ఆసామి, కొన్ని సాంచెలు ఇతని పేరు మీద ఉంటాయి, కరెంటు బిల్లు, మరమ్మతు ఇతనివి. కింద కార్మికుడు, ఇతనికి ఉన్నవి చేతులు. కార్మికుడు పన్నెండు గంటల పాలి (షిఫ్టు) చేస్తాడు. సాంచెల వరుస మధ్య తిరుగుతూనే ఉండాలి. ఇక్కడ పోగు తెగితే ముడి వేసి, అటు నాడెలో కండె అయిపోతే మార్చి, ఇంతలో మూడో సాంచె ఆగిపోతుంది. సాంచె ఆగితే కూలి ఆగినట్టే, ఎందుకంటే లెక్క గుడ్డ మీద కదా, గంటల మీద కాదు. మా నాన్నతో మాట్లాడాలంటే ఇప్పటికీ గట్టిగా అరవాలి, ఆ చప్పుడుకు చెవులు అలా అయిపోయాయి.

ధర పడిపోతే యజమాని కొనడం ఆపేస్తాడు. ఆసామి అప్పు పెరుగుతుంది. కార్మికుడు భివండికో సూరత్‌కో రైలెక్కుతాడు. ఎక్కలేనివాళ్ళు ఏం చేసుకున్నారో రాష్ట్రమంతటికీ తెలుసు, పేపర్లలో మా ఊరి పేరు ఆ వార్తలతోనే వచ్చేది.

2017లో బతుకమ్మ చీరలు వచ్చాయి. సర్కారు ఆర్డరు. ఏటా కోటి చీరల దాకా. మొదటి ఏడు ఇక్కడి సాంచెలతో సరిపోక సూరత్ చీరలు కూడా తెప్పించారు, ఊళ్ళల్లో ఆడవాళ్ళు నాణ్యత బాగా లేదని తగలబెట్టారు కూడా. ఆ తరువాత ఏళ్ళలో కుదుటపడింది. నెలకు పదిహేను వేలు, అంతకు పైన కూడా కళ్ళజూశాం. భివండి వెళ్ళినవాళ్ళు కొందరు తిరిగి వచ్చారు. ఆసామి సాంచెలకు చీరల పరికరాలు బిగించుకున్నాడు, అప్పు చేసి.

2023 చివర ప్రభుత్వం మారింది, ఆర్డరు ఆగింది, పాత బకాయిలు నిలిచాయి. 2024లో మళ్ళీ అవే వార్తలు. ఆ తరువాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది, కొంచెం ఊపిరి ఆడింది.

నేను ఏ వైపో నాకు తెలియదు. మార్కెట్ మమ్మల్ని పట్టించుకోలేదు. సర్కారు పట్టించుకుంది, కానీ ఒక్కడే కొనేవాడు అయ్యేసరికి అతని మనసు మారిన రోజు ఊరంతా ఆగిపోయింది.

నిర్వాహకుడు | రాత్రి 11:12

ప్రభుత్వాలు మారిన ప్రస్తావన వచ్చింది కాబట్టి ముందే చెబుతున్నాను, ఇప్పటి పార్టీల మీద వాదన ఇక్కడ వద్దు. దానికి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ కొట్టుకోండి.

ఎనుమాముల అడ్తి | ఆదివారం ఉదయం 6:50

రాత్రి అంతా చదివాను. ఆశ్చర్యం, పంట కొనే అడ్తి వ్యాపారిని ఇంకా ఎవరూ తిట్టలేదు, కాబట్టి నేనే ముందుకొస్తున్నా.

మార్కెట్ అంటే మీకు షేర్ల పట్టీ కనిపిస్తుంది. నాకు తెల్లవారుజామున యార్డులో పత్తి బస్తాలు కనిపిస్తాయి. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కాగితం మీద బ్రహ్మాండం. సర్కారు పత్తి సంస్థ సీసీఐ కేంద్రానికి వెళితే తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, ఆపైన ప్రతి శాతానికీ కోత, 12 దాటితే కొనరు. మంచు పడే రోజుల్లో, తుపాను వాన తరువాత ఏ రైతు పత్తి 8 ఉంటుంది? ఫోనులో స్లాటు పెట్టుకోవాలి, పట్టా పుస్తకం లెక్క కలవాలి, వేలిముద్ర పడాలి, కౌలు రైతు అయితే ఇంకో తంటా. మీటరు గుచ్చితే 14 చూపించింది అనుకోండి, అద్దె బండి మీద ఇంటికి తీసుకెళ్ళి ఆరబోసి మళ్ళీ రావాలా? రైతు నా దగ్గరికి వస్తాడు. నేను చెయ్యి బస్తాలోకి మోచేతి దాకా పెట్టి చూసి ధర చెబుతాను. తక్కువే. కానీ ఆ పూటే డబ్బు.

ఇంకో మాట. ఆసుపత్రి ఖర్చుకు రాత్రి పదకొండుకు ఫోను చేస్తే తీసేది నేనే. ఏ బ్యాంకు మేనేజరూ తీయడు. దీన్ని దోపిడీ అనండి, ఏమైనా అనండి, ఆ పని చేసేవాడు ఇంకొకడు ఊళ్ళో లేడు.

భీమదేవరపల్లి ఆడబిడ్డ | ఉదయం 7:35

అడ్తి అన్నా, రాత్రి ఇచ్చిన డబ్బుకు వడ్డీ ఎంతో, పంట వచ్చాక మీ దుకాణానికే అమ్మాలన్న షరతు ఎక్కడ రాసి ఉంటుందో కూడా చెప్పండి. తరుగు ఎంత తీస్తారో అది కూడా.

ఎనుమాముల అడ్తి | ఉదయం 7:41

రాసి ఉండదు అమ్మా. నోటి మాటే.

భీమదేవరపల్లి ఆడబిడ్డ | ఉదయం 7:44

నోటి మాట కాబట్టే ఎవరూ చూడలేరు.

వడ్డేపల్లి కట్ట | ఉదయం 9:15

రాత్రి నుంచి 1991 గురించి వస్తోంది కాబట్టి పి.వి. నరసింహారావు గారి మాట. ఆయన్ని అందరూ సగమే తలుస్తారు. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన మనిషి. 1971లో ముఖ్యమంత్రి అయ్యాక నెత్తికెత్తుకున్న పెద్ద పని భూపరిమితి. స్వయంగా భూస్వామి కుటుంబం. పదవి 1973 జనవరి దాటలేదు. పైకి ముల్కీ తీర్పు, జై ఆంధ్ర ఆందోళన. లోపల భూమి ఉన్న పెద్దల కోపం కూడా తక్కువేమీ కాదు. అదే మనిషి 1991 జులై 24న, పరిశ్రమల శాఖ తన దగ్గరే పెట్టుకున్న ప్రధానిగా, 18 రంగాలు తప్ప మిగతా పరిశ్రమలకు లైసెన్సు అక్కర్లేదని ప్రకటించాడు.

వైట్‌ఫీల్డ్ గారికి రెండో పి.వి. కావాలి, ఖని గారికి మొదటి పి.వి. కావాలి. నాకైతే ఇద్దరూ ఒకే పని చేసినట్టు కనిపిస్తుంది. ఊళ్ళో భూమి పదిమంది చేతిలో బిగిసిపోయినప్పుడు ఒకలా, ఢిల్లీలో అనుమతులు పదిమంది చేతిలో బిగిసిపోయినప్పుడు ఇంకోలా.

ఖని పాతకాపు | ఉదయం 9:58

మాట అందంగా ఉంది సార్, ఫలితం అంత అందంగా లేదు. చట్టంలో మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు పరిమితి. చట్టం వస్తోందని ముందే తెలిసి మా ఊరి దొర పాలేర్ల పేరు మీద, చుట్టాల పేరు మీద పట్టాలు రాయించాడు. పాలేరుకు తన పేరు మీద భూమి ఉన్నట్టు కూడా తెలియదు.

దానికి ముందు 1946 నుంచి 51 దాకా జరిగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ లెక్క. దొడ్డి కొమురయ్య కడవెండిలో తూటాకు పడిపోయింది ఆ కాలంలోనే, 1946 జులై 4న. పోలీసు చర్య తరువాత గడీల నుంచి పారిపోయిన దొరలు చాలా ఊళ్ళకు తిరిగి వచ్చి భూములు గుంజుకున్నారు. అయినా వెట్టి చాలా ఊళ్ళలో మునుపటిలా సాగలేదు, జాగీర్లు 1949లో పోయాయి, కౌలుదార్ల చట్టం 1950లో వచ్చింది. భూమి పోయినచోట కూడా జనం తల వంచుకుని నిలబడటం మానేశారు. దీన్ని ఏ ఆర్థికవేత్త లెక్క కడతాడు?

వైట్‌ఫీల్డ్ వలస | ఉదయం 10:30

ఒప్పుకుంటాను, భూసంస్కరణ లేని మార్కెట్ సగం మార్కెట్టే. దక్షిణ కొరియా, తైవాన్ రెండూ ముందు భూమి పంచి, తరువాతే పరిశ్రమలతో పైకి వచ్చాయి. కానీ గమనించండి, వాళ్ళు పంచిన భూమి రైతు సొంతం అయ్యింది. సోవియట్‌లో లాగా సమష్టి క్షేత్రం కాలేదు. చైనాలో 1959 నుంచి 61 దాకా కరువులో కోట్ల మంది చనిపోయారు, అడిగే పత్రిక లేదు, ప్రతిపక్షం లేదు. పైవాడికి భయపడి కిందివాడు దొంగ దిగుబడులు రాసి పంపాడు. ఈ సంగతి ఎర్రజెండా మిత్రులు ఎప్పుడూ దాటేస్తారు.

ఖని పాతకాపు | ఉదయం 10:44

దాటేయడం లేదు. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది పోయింది ఎవరి పాలనలో, ఎవరి గోదాముల్లో బియ్యం ఉండగా, అది కూడా రాయి. ఇంకోటి, నువ్వు చదివిన ఆర్‌ఈసీకి 1959లో శంకుస్థాపన చేసింది నెహ్రూ. నీ ఫీజులో ఎక్కువ భాగం కట్టింది నువ్వు రాత్రి చెప్పిన ఆదిలాబాద్ కూలి.

వైట్‌ఫీల్డ్ వలస | ఉదయం 10:47

ఆ దెబ్బ తగిలింది అన్నా.

సాంచె చప్పుడు | ఉదయం 11:20

గీసుగొండ, సంగెం వైపు కాకతీయ మెగా జౌళి పార్కు చూసినవారు ఎవరైనా ఉన్నారా? 2017లో శంకుస్థాపన చేశారు. కేరళ కంపెనీ, కొరియా కంపెనీ వచ్చాయి. అక్కడ భూమి రైతులది, సేకరించింది సర్కారు, రోడ్లు, నీళ్ళు, కరెంటు సర్కారువి, లాభం మాత్రం కంపెనీది. దీన్ని పెట్టుబడిదారీ విధానం అంటే నవ్వొస్తుంది. రిస్కు అంతా మనది కదా. నాకు పార్కు వద్దని కాదు, మా పిల్లలు సూరత్ వెళ్ళకుండా వరంగల్ వెళితే అదే పదివేలు. కానీ భూమి ఇచ్చిన ఇంటికి ఒక ఉద్యోగం అన్న మాట గట్టిగా కాగితం మీద ఉండాలి.

గ్రూప్స్ అభ్యర్థి | ఉదయం 11:31

రైతుబంధు సోషలిజమే కదా అన్నా? డబ్బు నేరుగా ఖాతాలో పడింది.

సాంచె చప్పుడు | ఉదయం 11:50

2018లో హుజూరాబాద్ దగ్గర మొదలుపెట్టారు. ఎకరాకు ఇంత అని. యాభై ఎకరాలు ఉన్నవాడికి యాభై ఎకరాలకూ వచ్చింది. దున్నేది కౌలు రైతు అయితే అతనికి పైసా రాలేదు, పట్టా ఉన్న పెద్దమనిషి హైదరాబాద్‌లో కూర్చుని తీసుకున్నాడు. ఉన్నవాడికి ఎక్కువ, లేనివాడికి సున్న. ఇది సోషలిజం అయితే మన దొరలు అందరికంటే పెద్ద సోషలిస్టులు.

భీమదేవరపల్లి ఆడబిడ్డ | మధ్యాహ్నం 1:25

ఇంతసేపూ సర్కారు, ప్రైవేటు అనే రెండు పేర్లే తిరుగుతున్నాయి. వంగర గురించి రాసిన సార్ అదే మండలంలో ఉన్న ముల్కనూరును తలవకపోవడం నాకు ఆశ్చర్యం.

1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు నాలుగు వందల మంది కూడా లేని సభ్యులతో సహకార సంఘం పెట్టారు. అది ఈరోజు అప్పు ఇస్తుంది, విత్తనం తయారు చేస్తుంది, వడ్లు, పత్తి కొంటుంది, మిల్లు నడుపుతుంది. సభ్యుడు తీసుకున్న అప్పు, అమ్మిన పంట ఒకే పుస్తకంలో ఉంటాయి. ధాన్యం అమ్మాక లాభం మిగిలితే బోనస్ వస్తుంది. 2002లో ఆడవాళ్ళ పాల డెయిరీ వచ్చింది, స్వకృషి పేరుతో పాలు అమ్ముతారు. సభ్యులు ఆడవాళ్ళు, పాలకవర్గం ఆడవాళ్ళు. దానికి వెనక సహవికాస సంస్థ వాళ్ళు నిలబడ్డారు.

మా అత్తమ్మ సభ్యురాలు. పొద్దున్నే చీకటి ఉండగానే పాల కేంద్రం దగ్గర వరుస. క్యాను మూత తీయగానే నమూనా తీసి యంత్రంలో పెడతారు, వెన్నశాతం అంకె అందరికీ కనిపించేలా వెలుగుతుంది. ఎవరైనా నీళ్ళు కలిపితే వెనక నిలబడ్డ నలుగురికీ తెలిసిపోతుంది. అందుకే ఎవరూ కలపరు. రాసే అమ్మాయి తప్పు అంకె రాస్తే అత్తమ్మ ఊరుకోదు. చదువు రాకపోయినా ఆ అంకెలు చదవడం వచ్చు. ఏడాదికోసారి మహాసభ. అక్కడ లెక్కలు చదివి వినిపిస్తారు. ఒకసారి రవాణా ఖర్చు ఎందుకు పెరిగిందని మా పక్కింటి పెద్దమ్మ లేచి అడిగితే అధ్యక్షురాలు పద్దు తీసి చెప్పాల్సి వచ్చింది.

సర్కారు కంపెనీకి మేము యజమానులమని అంటారు, లెక్క ఎవరు చూపిస్తారు? ఖని అన్న చెప్పిన ఆ 2,289 కోట్లు పక్కన పెట్టే ముందు ఏ కార్మికుణ్ణి అడిగారు? అడ్తి అన్న నోటి మాట వడ్డీ ఎవరు చూస్తారు? బోర్డు మీద ఎవరి పేరు ఉందో నాకు అనవసరం. లేచి అడిగితే జవాబు చెప్పి తీరాలి, నచ్చకపోతే దింపేయగలగాలి. ఇది ఉన్నచోట సమాజం బాగుపడుతుంది.

ఎరువుల కాలనీ | మధ్యాహ్నం 1:40

సహకార సంఘాలన్నీ ముల్కనూరు కావు అమ్మా. మా ఊరి సంఘం ఎన్నికల్లో గెలిచినవాడి చుట్టాలకే అప్పులు.

భీమదేవరపల్లి ఆడబిడ్డ | మధ్యాహ్నం 1:52

నిజమే. అందుకే 1995 చట్టం తెచ్చారు, పరస్పర సహాయక సంఘాల చట్టం. సర్కారు వాటా తీసుకోని సంఘంలో సర్కారు వేలు పెట్టదు. సొంత డబ్బు ఉన్నప్పుడే సభ్యుడికి లెక్క అడగాలని అనిపిస్తుంది.

వైట్‌ఫీల్డ్ వలస | మధ్యాహ్నం 2:30

అక్కా, మీరు చెప్పింది నాకు చాలా నచ్చింది, కానీ మూడు ప్రశ్నలు. రామగుండంలో 2,600 మెగావాట్ల విద్యుత్ కేంద్రం సంఘం పెట్టగలదా? అంత డబ్బు సర్కారుకో పెద్ద కంపెనీకో తప్ప ఎవరికి ఉంటుంది? రెండు, పొరుగువాళ్ళు ఒకరినొకరు ఎరిగి ఉన్నచోట నడిచేది కోటి మంది ఉన్న హైదరాబాద్‌లో నడుస్తుందా? మూడు, బర్రె లేని ఇల్లు మీ డెయిరీలో ఎక్కడ ఉంటుంది?

భీమదేవరపల్లి ఆడబిడ్డ | మధ్యాహ్నం 3:05

మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. విద్యుత్ కేంద్రం సర్కారే పెట్టాలి. రెండోదానికి గుజరాత్ చూడండి. అక్కడ ఊరి సంఘాలు జిల్లా సంఘాలుగా, జిల్లా సంఘాలు రాష్ట్ర సమాఖ్యగా కలిసి దేశమంతా వెన్న అమ్ముతున్నాయి. మూడోది గట్టి ప్రశ్న. కూలి పనికి వెళ్ళే ఇంటికి బర్రె కొనే అప్పు సంఘం ఇస్తుంది, కానీ మేపడానికి గడ్డి, కట్టేయడానికి జాగా ఉండాలి. మా వాడలో అలాంటి ఇళ్ళు ఇంకా బయటే ఉన్నాయి. ఉపాధి హామీ పని వాళ్ళకు మా డెయిరీ కంటే ఎక్కువ ఆదుకుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఖని పాతకాపు | మధ్యాహ్నం 3:30

ఆడబిడ్డా, నీ మాట పట్టుకుని ఒకటి అడుగుతాను. సింగరేణి పాలకవర్గంలో కార్మికులు ఓటేసి పంపిన ఇద్దరు ఉంటే? గుర్తింపు సంఘం ఎన్నిక ఎలాగూ రహస్య బ్యాలెట్‌తోనే జరుగుతోంది కదా. కాంట్రాక్టు కార్మికుడికి కూడా ఓటు ఉండాలి, లేకపోతే మళ్ళీ మా వాళ్ళే మా కోసం రాసుకుంటారు.

జర్మనీలో పెద్ద కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం సీట్లు ఉద్యోగులవని, ఆ చట్టం 1976 నాటిదని మా సంఘం తరగతుల్లో చెప్పారు. కంపెనీలు ప్రైవేటువే. మూతబడలేదు.

వైట్‌ఫీల్డ్ వలస | మధ్యాహ్నం 3:44

జర్మనీ కార్లు అమ్ముడుపోతున్నంత కాలం దానికి నాకు అభ్యంతరం లేదు.

ఎనుమాముల అడ్తి | సాయంత్రం 5:10

పద్దు చూపించమంటే చూపిస్తాను, నాకు దాచేది లేదు. వడ్డీ నూటికి రెండు రూపాయలు నెలకు, కొన్నిసార్లు మూడు. ఎందుకంటే నేను కూడా తెచ్చే డబ్బే. పదిమందికి ఇస్తే ఇద్దరు ఎగ్గొడతారు, ఆ ఇద్దరి భారం మిగతా ఎనిమిది మంది మీద పడుతుంది, తప్పో ఒప్పో అలా నడుస్తోంది. ముల్కనూరు సంఘం సభ్యుడికి ఇస్తుంది, సభ్యుడికి భూమి ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది కౌలు రైతులు. వాళ్ళకు ఏ సంఘం ఇస్తుంది అక్కా?

భీమదేవరపల్లి ఆడబిడ్డ | సాయంత్రం 5:36

ఆడవాళ్ళ పొదుపు సంఘాల్లో భూమి అడగరు. నెల నెలా పొదుపు కడితే చాలు, దాని మీద అప్పు. మీ వడ్డీలో సగం.

ఎనుమాముల అడ్తి | సాయంత్రం 5:49

పది ఎకరాల మిరప కౌలుకు పెట్టుబడి లక్షల్లో ఉంటుంది. పొదుపు అప్పు పురుగుమందుకు కూడా చాలదు.

సాంచె చప్పుడు | సాయంత్రం 6:02

2011లో కౌలు రైతులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది, కార్డు ఉంటే బ్యాంకు అప్పుకు అర్హత. పట్టాదారు భయపడి అడ్డు చెబుతాడు, రేపు భూమి తనది కాదంటారేమోనని. అక్కడే ఆగింది. మీ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఆ కార్డు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నా?

ఎనుమాముల అడ్తి | సాయంత్రం 6:15

ఒక్కడు కూడా లేడు. ఉంటే నా దగ్గరికి ఎందుకు వస్తాడు తమ్ముడూ.